రోహిణిలో నాటిన గరిక

మీరు వాదనలో గెలిచిన రోజున, ఆ గెలుపును తీసుకుపోయి ఎవరి మీద ప్రయోగించారు?

ఎవరి మీదా లేదని చెప్పకండి. గెలిచినవాడు ఊరికే ఉండలేడు. కొత్త కత్తి కొన్నవాడికి కనబడిన ప్రతి కొమ్మా నరకాలనిపిస్తుంది. నేను నా గెలుపును ఒక ముసలమ్మ మీదా, బంగళా ముందున్న కాస్త నేల మీదా ప్రయోగించాను. ముప్పై ఏళ్ళకు పైగా సర్కారు కొలువు చేసి, వంతెనలు కట్టి, రోడ్లు వేసి, పింఛను పుచ్చుకుంటున్నవాణ్ణి. అందులో మీకు చెప్పదగ్గ పని ఏదంటే ఈ గడ్డి నాటిన పనే గుర్తుకొస్తున్నది. వంతెనలు నన్ను క్షమించాయి, అవి ఇంకా నిలబడే ఉన్నాయి.

రెండో ప్రపంచ యుద్ధం రావడానికి ఒకటి రెండేళ్ళ ముందు మాట. నిజాం సర్కారులో కట్టడాలు చూసే శాఖలో నేను చిన్న ఓవర్సీరును. పగలు కామారెడ్డిలో ఉద్యోగం, సాయంత్రం అక్కడి పఠన మందిరంలో ఉపన్యాసం. ఉద్యోగం కడుపుకు, ఉపన్యాసం నాకు. శకునాల మీద, జాతకాల మీద, వితంతువుల శిరోముండనం మీద మా కుర్రవాళ్ళం విరుచుకుపడేవాళ్ళం. ఆ పోట్లాటల్లో చాలామటుకు న్యాయం మా వైపే ఉంది, ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. ఆ వేసవిలో పంచాంగం మీద పెద్ద వాదన పెట్టాం. అవతలి పక్షాన ఒక పురోహితుడు. మంచివాడు, గొంతు చిన్నది. నా గొంతు పెద్దది. కోట్ల మైళ్ళ అవతల ఉన్న చుక్కకు కామారెడ్డిలో మనిషితో ఏం పని అని నేను అడిగితే చప్పట్లు మోగాయి. ఆయన జవాబుగా ఏదో అన్నాడు గాని చప్పట్లలో ఎవరికీ వినపడలేదు. వినపడాలని నేను ఆగనూ లేదు.

ఆ తరువాతి వారమే నన్ను ఎల్లారెడ్డికి పంపారు. అక్కడ ప్రయాణంలో ఉన్న అధికారులు దిగే ముసాఫిరు బంగళా ఒకటి ఉండేది. ఆరుద్ర కార్తెలో మా శాఖ పెద్ద అధికారి దౌరా మీద, అంటే తనిఖీ ప్రయాణం మీద, వచ్చి అందులో దిగుతాడు. ఆయనకు సాయంత్రం వరండాలో కాక, పచ్చిక మీద కుర్చీ వేసుకుని చాయ తాగడం అలవాటు. కాబట్టి బంగళా తోటను శుభ్రం చేయించి, ముందు భాగంలో కొత్తగా లాన్ పెంచవలసిందని హుకుం.

తోట అనడం కాగితం మీది మర్యాద. వెళ్ళి చూస్తే గేటు నుంచి మెట్ల దాకా తుమ్మకంప, నాగజెముడు, జిల్లేడు, మనిషెత్తు గడ్డి. మనిషి లోపలికి పోవాలంటే వెనక వైపు గోడ దూకాలి. నేను దూకాను, ధోవతి చించుకున్నాను. అటు దిగేసరికి ఒక ముసలమ్మ చీపురు పట్టుకుని నన్నే చూస్తున్నది.

ఆమె ఆ బంగళా తోట చూసే మాలీ పెళ్ళాం. మాలీ చనిపోయి రెండేళ్ళయింది. అతని పనంతా ఆమే చేస్తున్నది, వెనక ఉన్న మట్టి గదిలో ఉంటున్నది. అయితే కాగితాల్లో ఆమె పేరు ఎక్కలేదు. తోట పెద్దదొర కంటికి ఆనితే ఆమెను మాలీగా ఖాయం చేస్తారు, లేకుంటే కొత్త మాలీ వస్తాడు, ఆమె గది ఖాళీ చేయాలి. ఆమెకున్న దిక్కల్లా గాంధారి అనే ఊళ్ళో ఒక తమ్ముడు. ఆ సంగతి ఆమె మొదటి రోజే నాకు చెప్పింది. తమ్ముడు మంచోడే గాని, ఆ ఇంట్లో గుక్కెడు నీళ్ళు ముంచుకోవాలన్నా మరదలి మొహం చూడాలట.

"బాంచెన్ దొరా, నా పేరు ఎక్కియ్యి" అని కాళ్ళ మీద పడబోయింది.

నేను సంస్కర్తను కదా, చటుక్కున వెనక్కి జరిగాను. మనుషులెవరూ ఎవరికీ బానిసలు కారనీ, బాంచెన్ అనే మాట నా ముందు అనగూడదనీ చెప్పాను. మరేమనాలె అని అడిగింది. ఏమైనా అనవచ్చు అన్నాను. కాసేపు ఆలోచించి అప్పటినుంచి నన్ను కొడుకా అని పిలవడం మొదలుపెట్టింది. అంత దగ్గరి పిలుపు నేను ఎదురుచూడలేదు గాని, సిద్ధాంతం నాదే కనుక మింగేశాను. నేను ఆమెను అవ్వ అన్నాను.

తోటలోని కంప కొట్టడానికి పటేలు మనుషులను వెట్టికి పంపాడు. వాళ్ళను నిలబెట్టి వెట్టి ఎంత అన్యాయమో అరగంట చెప్పాను. వాళ్ళు ఎండలో నిలబడి విన్నారు. అయిపోయిందని తెలిశాక ఒకాయన, ఇగ పని మొదలువెట్టాల్నా అని అడిగాడు. పెట్టాలన్నాను. ఇంకేం చెప్పను? ఆ హుకుం నాది కాదు. ఉపన్యాసం మాత్రం నాది.

పది రోజులు కొట్టారు. గొడ్డళ్ళు కంప మీద పడుతుంటే లోపలినుంచి పాత తోట కొంచెం కొంచెంగా బయటపడింది. ఏటవాలుగా పాతిన ఇటుకల వరస, గులాబి మళ్ళ గుర్తులు, ఒక కాలు విరిగిన ఇనుప బల్ల. ఎవరో నాకన్నా ముందు ఇక్కడ తోట వేశారు, అదీ అడవిలో కలిసిపోయింది. ఆ ఇటుకలను చూసి ఆగవలసినవాణ్ణి. వాటిని తుడిపించి మళ్ళీ వరసగా పెట్టించి, వాళ్ళకన్నా నేను బాగా చేస్తాననుకున్నాను.

నేల తేటపడ్డాక అవ్వ ఒక చివర కూర్చుని మట్టి గిల్లి చూసింది. చిన్న చిన్న నల్లటి గడ్డలు తీసి నా చేతిలో పెట్టింది. తుంగ గడ్డలు. అప్పుడు ఆమె చెప్పిన మాట మీరు జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే నేను జాగ్రత్తగా వినలేదు.

"నేలను గిట్లనే ఎండనియ్యి కొడుకా. రోహిణి ఎండకు ఈ తుంగంత మాడిపోతది. మిర్గం పడ్డంక, ఒక వాన కొట్టినంక గరిక పెడితె పదిహేనొద్దులల్ల పచ్చవడతది. దొర వచ్చేది ఆరుద్రలనే గద, ఇంక తొందరేంది?"

రోహిణి, మిర్గం అంటే మృగశిర, ఆరుద్ర. మూడు నక్షత్రాలు. నా చెవిలో ఆ మూడే పడ్డాయి. మధ్యలో ఉన్న ఎండ, తుంగ, వాన, పదిహేను రోజులు, వీటిలో ఒక్కటీ పడలేదు. కామారెడ్డిలో చంపి పూడ్చిన పంచాంగం ఎల్లారెడ్డిలో చీర కట్టుకుని లేచి వచ్చినట్టనిపించింది.

ఇక మొదలుపెట్టాను. చుక్కలకూ గడ్డికీ సంబంధం లేదన్నాను. గడ్డికి కావలసింది మట్టి, నీళ్ళు, వెలుతురు అన్నాను. మంచి ముహూర్తం చూసి నాటే గడ్డి ఈ బంగళాలో మొలవడానికి వీల్లేదన్నాను. కోట్ల మైళ్ళ ముక్క కూడా వదల్లేదు. అవ్వ పార మీద గడ్డం ఆనించుకుని అంతా విన్నది.

"మంచిగ చెప్పినవ్ కొడుకా. గీ ముచ్చట గడ్డికి గూడ చెప్పు."

పనివాళ్ళు నవ్వారు. నవ్వకపోతే బహుశా ఆ రోజు ఆగేవాణ్ణి. నవ్వారు కాబట్టి రోహిణిలోనే, అదీ ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు, నాటి చూపించాలని తీర్మానించుకున్నాను.

ఒక సంగతి ఇక్కడే చెప్పేస్తాను, పంచాంగానికి హారతి పట్టడానికి లేవబోయే పాఠకులు కాస్త కూర్చోండి. రైతు చెప్పే కార్తె జాతకం కాదు. సూర్యుడు ఏ నక్షత్రం దగ్గరికి వచ్చాడో చూసి ఏడాదిని పంచుకున్న లెక్క అది. ఏటా ఇంచుమించు అదే రోజుకు వస్తుంది. గోడకు వేలాడే క్యాలెండరు లేనివాడి క్యాలెండరు. చుక్క వాన కురిపిస్తుందని అవ్వ అనలేదు, ఆ వేళకు వాన వస్తుందన్నది. ఈ తేడా కామారెడ్డి పురోహితుడు ఆ రోజు చిన్న గొంతుతో చెప్పబోయిన మాటేనేమో నాకు తెలియదు. మూఢనమ్మకాన్ని తిట్టడం నేను మానలేదు, మానను. ఎదుటి మనిషి చెప్పింది మూఢనమ్మకమో లెక్కో అడిగి తెలుసుకోవడం మాత్రం నా హేతువాదంలో అప్పటికి లేదు.

లాన్ అంటే మామూలు గడ్డి పనికిరాదని నా నమ్మకం. కామారెడ్డిలో ఒక పెద్ద వకీలు ఇంటి ముందు మెత్తటి పచ్చిక ఉండేది. వెళ్ళి ఆయన్ను బతిమాలి నాలుగు గోనెసంచుల వేరుగడ్డి తెచ్చాను. సంచులను బస్సు మీదికి ఎక్కిస్తుంటే డ్రైవరు ఏముందని అడిగాడు. గడ్డి అన్నాను. ఏ పశువులకని అడిగాడు. కుర్చీలకు అన్నాను. ఎల్లారెడ్డి దాకా అతను మళ్ళీ నాతో మాట్లాడలేదు.

అవ్వ సంచి మూతి విప్పి, ఒక పోచ తీసి, కణుపు తిప్పి చూసింది.

"ఇది గరికనే గద కొడుకా. గిందుకు కామారెడ్డి దాక పోయినవా? ఈడ గెట్ల మీద కుప్పలు కుప్పలు పారేస్తున్నరు."

నిజమే. వకీలు ఇంటి ముందు దానికి దొరతనం వచ్చింది గాని, అది చేన్లలో రైతు ఏడాది పొడుగునా తవ్వి, దులిపి, ఎండబెట్టి, గెట్టు మీద పారేసే గరికే. ఈ కబురు ఊరంతా పాకింది. పొద్దున్నే ఒక రైతు గేటు దగ్గర నిలబడి, గరిక తియ్యలేక తన నడుము పోయిందనీ, సర్కారుకు కావాలంటే తన చేను మొత్తం తీసుకుపొమ్మనీ నాతో మర్యాదగా మనవి చేసుకున్నాడు.

నాటాం. జానెడు జానెడు దూరాన, తాడు పట్టి, వరసలు తీర్చి నాటించాను. అంత అందంగా వరసలు తీరిన గరిక ఆ తాలూకాలో ఎవరూ చూసి ఉండరు. తరువాత నీళ్ళు. బంగళా బావి రోహిణిలో అడుగంటి ఉంటుంది. అవ్వ తెల్లవారకముందు లేచి బొక్కెన వేసేది, ఊరిన నీళ్ళన్నీ తోడేది, మళ్ళీ ఊరేదాకా బావి గట్టు మీద కూర్చునేది, మళ్ళీ తోడేది. అరచేతులకు గుడ్డ చుట్టుకుని చాంతాడు లాగేది. నేను చెట్టు నీడన నిలబడి ఎక్కడ పోయాలో చూపించేవాణ్ణి. పోసిన నీళ్ళు నేల మీద పడగానే సుయ్యిమని ఇంకేవి. ఎనిమిది రోజులకు గరిక బీడీ ఆకు రంగుకు వచ్చింది. పట్టుకుంటే పొడి అయ్యింది. ఆ మధ్యలో, నేను పోయించిన నీళ్ళు తాగి, తుంగ మాత్రం సూదుల్లా లేచింది.

సరిగ్గా అప్పుడే పైనుంచి కాగితం వచ్చింది. పని ఎంతవరకు వచ్చింది, తెలుపవలసింది.

ఎల్లారెడ్డిలో ఉన్న మా శాఖ కచేరీలో ఉర్దూ రాతకోతలన్నీ చూసే గుమాస్తా ఒకాయన ఉండేవాడు. నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద, ముగ్గురు అధికారుల కింద పనిచేసి, నాతో కలిపి నలుగురిని భరించినవాడు. నేను చెబుతుంటే ఆయన రాస్తున్నాడు. నాట్లు పూర్తయ్యాయి అని రాశాడు. గడ్డి ఎండిపోయింది అని రాశాడు. కారణం దగ్గర కలం ఆపి నా వైపు చూశాడు. నేను చెప్పాను. మాలీ పని చేస్తున్న ముసలిది నీళ్ళు పోయడంలో గఫ్లత్ చేసింది. అంటే అశ్రద్ధ.

ఆయన రాయలేదు.

"ఎండ అని రాద్దాం సాబ్. ఎండను ఎవ్వలు జవాబు అడగరు. ముసలమ్మను అడుగుతరు."

ఎండ అని రాస్తే రోహిణిలో నాటడం తప్పని ఒప్పుకున్నట్టే. రోహిణి తప్పంటే పంచాంగం ఒప్పు. పంచాంగం ఒప్పంటే కామారెడ్డి చప్పట్లు ఏం కావాలి? ఈ తర్కం నాకు ఆ క్షణాన ఇనుప గొలుసులా కనిపించింది. గఫ్లత్ అనే రాయండి అన్నాను. ఆయన రాసి, ఇసుక చల్లి, సంతకానికి నా ముందు పెట్టి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. నేను సంతకం పెట్టాను. అవ్వ అప్పుడు కూడా బావి దగ్గరే ఉంది. ఆ కాగితం ఏ భాషలో ఉందో ఆ భాష ఆమెకు రాదు. ఆ సంగతి నాకు తెలుసు.

మిర్గం వచ్చింది, మూడో నాటికి వాన పడింది. మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి అవ్వ, ఇంకో అయిదారుగురు ఆడవాళ్ళు తుంగను గడ్డలతో సహా పీకేసి, చేన్ల గెట్ల మీదినుంచి తట్టలతో తెచ్చిన గరికను నాటుతున్నారు. తాడు లేదు, వరస లేదు. గుప్పెడు పెట్టడం, మడమతో తొక్కడం, ముందుకు జరగడం. ఎవరు చెప్పారని నేను అడగలేదు, ఎవరూ నన్ను అడగలేదు. ఏదో కొలుస్తున్నట్టు టేపు పట్టుకుని వరండాలో తిరిగాను. ఒకామె నన్ను చూపించి, ఆ సారు పెట్టిన గడ్డి ఏమైందని గట్టిగానే అడిగింది. అవ్వ తల ఎత్తకుండానే, సారు పెట్టిందే వానకు మళ్ళీ లేచింది, తాము సందుల్లో పెడుతున్నామంతే అని చెప్పింది.

ఆ అబద్ధాన్ని నేను రెండు చేతులా అందుకున్నాను. నేను పంపిన కాగితం సంగతి అప్పుడు గుర్తు రావాలి. రాలేదు. పచ్చదనం పెరిగేకొద్దీ ఇంకా రాలేదు, లాన్ మళ్ళీ పచ్చబడిందని పైకి కబురు పంపేటప్పుడు కూడా రాలేదు.

ఆరుద్రలో పెద్ద అధికారి వచ్చాడు. పచ్చిక మీద కుర్చీలు వేశారు. ఆయన చెప్పులు విడిచి, పాదాలు గడ్డి మీద ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. ఎల్లారెడ్డిలో ఇంత చక్కటి లాన్ చూస్తాననుకోలేదని నన్ను మెచ్చుకున్నాడు. నేను వంగి సలాం చేశాను. అవ్వ ఉతికిన చీర కట్టుకుని, మెట్ల పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

అప్పుడు ఆయన కాగితాలు చూసే పేష్కారు దస్త్రం విప్పి ఉర్దూలో చదవడం మొదలుపెట్టాడు. మాలీ గఫ్లత్ వల్ల మొదటి నాటు చెడిపోయినా ఓవర్సీరు పట్టుదలతో మళ్ళీ పెంచాడు కాబట్టి, ఆ ముసలిదాన్ని పనిలోనుంచి తీసివేయడమైనది, కొత్త మాలీని వెంట తీసుకువచ్చాము, రేపటికల్లా గది ఖాళీ చేయించవలెను. కొత్త మాలీ నిజంగానే సామాన్ల బండి దగ్గర నిలబడి ఉన్నాడు. పెద్ద అధికారి చాయ తాగుతూనే సంతకం పెట్టాడు.

నా గొంతు పెద్దదని ముందే చెప్పాను. ఆ రోజు అది ఎక్కడికి పోయిందో నాకు తెలియదు. కచేరీ నుంచి నాతో వచ్చిన గుమాస్తా నా వైపు చూశాడు. అప్పటికి ముందుకు వచ్చి, గఫ్లత్ ముసలామెది కాదు హుజూర్, నాది అన్నాను. ఎండలో నాటవద్దని ఆమె చెప్పింది, నేను వినలేదు అన్నాను. ఈ గడ్డి కూడా ఆమె నాటిందే అన్నాను.

ఆయన కోప్పడలేదు. కాగితం మీద నా సంతకం చూపించాడు. అది అబద్ధమైతే నేను అబద్ధపు నివేదిక పంపిన నౌకరునవుతాను, అది నిజమైతే ఇప్పుడు అబద్ధమాడుతున్నానవుతాను, రెంటిలో ఏది కావాలో ఆలోచించుకుని ఇంకో కాగితం రాసి పంపమన్నాడు. ఈలోపల హుకుం హుకుమే. మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. తర్కంలో నన్ను అంత శుభ్రంగా ఓడించినవాడు మరొకడు లేడు.

ఈ మాటలన్నీ ఉర్దూలో సాగాయి. అవ్వకు అర్థం కాలేదు. నేను మెట్ల దగ్గరికి రాగానే, నన్ను ఖాయం చేసిన్రా అని అడిగింది.

చెప్పాను. నేను రాసిన ముక్క తెలుగులో చేసి, ఆమెకు నేనే చెప్పవలసి వచ్చింది. నీళ్ళు పోయలేదని రాశాను అవ్వా.

ఆమె తన అరచేతుల వైపు చూసుకోలేదు, నేనే చూశాను.

"నువ్వు ఆడనే ఉంటివి గద కొడుకా, చెట్టు కింద. మరి గట్లెందుకు రాసినవ్?"

"ఎండ అని రాస్తే నేను ఓడిపోయినట్టయితదని."

"ఎవ్వల తోటి కొట్లాట? నేనైతె నీ తోటి కొట్లాడలే."

 

మర్నాడు ఆమె గాంధారి పోవడానికి మూట కట్టుకుంటుంటే నేను రెండో కాగితం రాయించాను. ఈసారి గుమాస్తా కలం ఆపలేదు. అయితే పంపే ముందు ఆయనే అన్నాడు, ముసలమ్మకు వినిపించి పంపండి సాబ్ అని. గది గడప మీద కూర్చుని ఒక్కొక్క వాక్యం తెలుగు చేసి ఆమెకు వినిపించాను. నన్ను నేను తిట్టుకున్న చోట, ఇంత వద్దు, నీ నౌకరీ పోతదని తీసేయించింది. చివర, దిక్కులేని ముసలిదని దయతలచి పని ఇప్పించవలెనని రాశాను. ఎంతో గొప్పగా వచ్చిందనుకున్న వాక్యం అదే. అక్కడ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"అది కొట్టెయ్యి. పని వచ్చిన మనిషి అని రాయి."

కొట్టేసి అలాగే రాశాము. కాగితం పోయింది. జవాబు వచ్చేసరికి నన్ను మద్నూరుకు మార్చారు, తోట ఇంకొకరిదైపోయింది. ఖాళీ లేదు అని రెండు మాటలు. గాంధారి వెళ్ళి ఆ రెండు మాటలు ఆమెకు చెప్పాను. ఆమె తమ్ముడి ఇంటి వెనక, మరదలు చూస్తుండగా పేడ తట్ట దించి, గడ్డి ఎట్లున్నదని అడిగింది.

చిన్నవాళ్ళు మీరు, ఇప్పుడు బల్లల వెనక మీరు కూర్చున్నారు. మీ ముందు ఇవాళ ఒక కాగితం ఉంటుంది. అది చదవలేని మనిషి మీద, మీరు రాసింది, సంతకం ఒక్కటే తక్కువ. కలం కింద పెట్టండి. ఆ మనిషిని పిలిపించండి, నిలబెట్టకండి, కూర్చోబెట్టండి. ఆ మనిషికి వచ్చిన భాషలో మొదటి ముక్క నుంచి చివరి ముక్క దాకా మీ నోటితో చదివి వినిపించండి. కొట్టెయ్యమన్నది కొట్టెయ్యండి. అప్పుడు పెట్టండి సంతకం.